చేసింది చెబితే డబ్బా కాదు

అమెరికాలో డిగ్రీ చదవాలనుకునే మన పిల్లలు చాలామంది, ఒకే ఆన్‌లైన్ ఫారంతో చాలా కాలేజీలకు పంపే వీలున్న కామన్ యాప్‌లోనే దరఖాస్తు చేస్తారు. ఏటా ఆగస్టు 1న అది కొత్త ఏడాదికి తెరుచుకుంటుంది. మార్కుల సంగతి స్కూలు పంపే కాగితాలు చెబుతాయి. పిల్లలు తమ మాటగా చెప్పుకోవడానికి అందులో ముఖ్యంగా రెండే చోట్లు: 650 పదాలు దాటని వ్యాసం, 10 వ్యాపకాల జాబితా. ఒక్కో వ్యాపకం వివరానికి 150 అక్షరాలు, ఖాళీలతో కలిపి.

తెలిసినవాళ్ల పిల్లలు ఇవి నాకు చూపిస్తుంటారు. నేను ముందు జాబితానే చూస్తాను. ఒకమ్మాయి ‘సమాజసేవ ద్వారా నాయకత్వ లక్షణాలు పెంపొందించుకున్నాను’ అని రాసింది.

“ఏం చేశావమ్మా?”

“పెద్దగా ఏం లేదాంటీ. మా కింద ఇస్త్రీ బండి ఉంది కదా, వాళ్ల పిల్లలిద్దరికీ ఆదివారాలు లెక్కలు చెప్తా.”

పెద్దవాడికి భాగహారం ఎంతకీ ఎక్కలేదట. ఇస్త్రీకొచ్చిన చొక్కాలనే ఇళ్లవారీగా పంచి చూపిస్తే పట్టుకున్నాడట. అదే రాయమన్నాను. ఇస్త్రీ బండి, ఇద్దరు పిల్లలు, చొక్కాలతో భాగహారం... అన్నీ 150 అక్షరాల్లో పట్టాయి. నాయకత్వం అనే మాట అవసరమే పడలేదు.

సొంత డబ్బా కొట్టుకోకూడదని మనం పిల్లల్ని పెంచుతాం. మంచి పెంపకమే. కానీ చేసిన పని చేసినట్టు చెప్పడం డబ్బా కాదు. ఆ తేడా తెలియకే పిల్లలు అసలు పని దాచేసి అరువు మాటలు రాస్తున్నారు. ‘చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే అమితాసక్తి’ అని మొదలయ్యే వ్యాసం ఎవరిదైనా కావచ్చు. తాతగారి మరణాన్నో, ఇంటి కష్టాలనో జాలి కోసం వాడుకోవడం మరీ బాధాకరం.

ఇక డబ్బిచ్చి రాయించడం. దరఖాస్తు పంపేముందు ‘ఇది నా సొంత రాత’ అని పిల్లలే సంతకం చేయాలి. పదిహేడేళ్ల పిల్లల చేత మొదటి పెద్ద సంతకం అబద్ధం మీద పెట్టించడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

చాలా కాలేజీలకు తొలి గడువు నవంబరు 1. అమ్మానాన్నలూ, దసరా సెలవుల్లో పిల్లలకు నాలుగు రోజులు ఖాళీ ఇవ్వండి. వాళ్లు రాసింది చదవండి, అర్థం కానిచోట అడగండి. కలం మాత్రం వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి.