కుట్టుమిషన్ లోపాన్ని కనిపెట్టే విద్య

హైదరాబాదులో తార్నాక నుంచి లాలాపేట మీదుగా మౌలాలి దాకా విస్తరించిన బస్తీలలో, కాలనీలలో ఫాల్స్, పీకో, ఓవర్‌లాక్ బోర్డులు అడుగడుగునా కనిపిస్తాయి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, 1944లో మొదలై నేడు ఐఐసీటీగా ప్రసిద్ధమైన రసాయన పరిశోధనశాల, మౌలాలి డీజిల్ లోకోషెడ్ ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన సంస్థలు కాగా, వాటి ప్రహరీల వెలుపల పుస్తకాలకు ఎక్కకుండానే ఉస్తాదు చేతి నుంచి శిష్యుడి చేతికి అందుతూ వచ్చిన సాంకేతిక విద్య ఒకటుంది. ఆగిపోయిన కుట్టుమిషన్‌ను వరుసక్రమంలో పరీక్షించి, లోపం ఎక్కడుందో తేల్చే ఆ విద్యను మెకానిక్కులతోపాటు మిషన్ తొక్కే ప్రతి ఒక్కరూ నేర్వదగినదిగా గుర్తించవలసి ఉంది.

దీనికి పునాది కుట్టు ఏర్పడే తీరును తెలుసుకోవడం. 1846లో ఎలియాస్ హోవ్ పేటెంటు పొందిన, 1851 తర్వాత సింగర్ మిషన్ల ద్వారా ప్రపంచమంతటా వ్యాపించిన లాక్‌స్టిచ్ పద్ధతిలో సూదిలోని పై దారం, బాబిన్‌లోని కింది దారం ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. సూది అట్టడుగుకు దిగి తిరిగి సుమారు రెండు మిల్లీమీటర్లు పైకి లేచేసరికి, దాని కంటి దగ్గర దారం చిన్న ఉచ్చులా ఉబుకుతుంది. సరిగ్గా అప్పుడే షటిల్ మొన వచ్చి ఆ ఉచ్చును అందుకొని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. సూదికీ షటిల్‌కూ మధ్య ఉండవలసిన ఈ కాలపొందికనే ‘టైమింగ్’ అంటారు. ఉచ్చు ఏర్పడకపోయినా, షటిల్‌కు అందకపోయినా, అందిన తర్వాత సరిగా బిగియకపోయినా కుట్టు చెడుతుంది.

అనుభవజ్ఞులు స్క్రూడ్రైవర్ పట్టే ముందు దారం, బట్ట తీసివేసి, మోటారు ఉంటే ప్లగ్ పీకి, చేతిచక్రాన్ని తమవైపు నెమ్మదిగా తిప్పి చూస్తారు. చక్రం తిరుగుతున్నా సూది కదలకపోతే, బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు వదులు చేసిన మధ్య బిళ్ళను తిరిగి బిగించలేదేమో చూడాలి. చక్రం అసలే తిరగకపోతే షటిల్ గూటిలో దారపు ముక్క ఇరుక్కున్నదని మొదట అనుమానించాలి. బలవంతంగా తిప్పితే సూది విరగడమే కాక షటిల్ మొన కూడా దెబ్బతింటుంది గనుక, బాబిన్ కేసును, షటిల్‌ను బయటకు తీసి, పీచును చిన్న బ్రష్‌తో తుడవాలి. చక్రం సాఫీగా తిరిగితే లోపం దారంలోనో, సూదిలోనో, బిగువులోనో ఉండే అవకాశమే ఎక్కువ.

కుట్టు తప్పితే మొదట మార్చవలసింది సూది, ఎందుకంటే అది అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ముందుగా అరిగేది. అద్దం మీద బల్లపరుపుగా పెడితే వంకర తెలుస్తుంది. గోటి మీద మెల్లగా లాగినప్పుడు గీత పడితే మొన చెడినట్టే. ఇంటి మిషన్ సూదికి ఒకవైపు కాడ చదునుగా ఉంటుంది, ఇంకోవైపు పొడవాటి గాడి ఉంటుంది. దారం ఎక్కించే వైపు గాడి, షటిల్ వచ్చే వైపు చదును ఉండేలా బిగించకపోతే ఉచ్చు షటిల్‌కు అందదు. పలుచని జాకెట్టు గుడ్డకు 11, సాధారణ నూలుకు 14, మందపాటి బట్టకు 16 నంబరు సూది వాడడం, హోజరీకి గుండ్రటి మొన ఉన్న సూది ఎంచుకోవడం కూడా ఈ విద్యలో భాగమే.

బట్ట అడుగున దారం గుత్తులుగా పేరుకుంటే చాలామంది బాబిన్‌ను తప్పుపడతారు గాని, ఆ లోపం ఎక్కువగా పై దారానిదే. బట్టను నొక్కిపట్టే పాదం దించి ఉంచి దారం ఎక్కిస్తే టెన్షన్ బిళ్ళలు మూసుకొని ఉండి, దారం వాటి నడుమకు దిగక, పట్టులేకుండా కిందికి జారిపోతుంది. పాదం ఎత్తి మళ్ళీ మొదటి నుంచి ఎక్కించడమే దీనికి మందు. కింది దారం బిగువును తెలుసుకోవడానికి బాబిన్ కేసును దారంతో వేలాడదీసి చిన్నగా కుదుపుతారు: కొద్దిగా దిగి ఆగితే సరిగా ఉన్నట్టు, జరజరా జారితే వదులుగా ఉన్నట్టు. రెండు దారాల ముడి బట్ట పొరల మధ్యన దాగడమే సరైన బిగువుకు గుర్తు.

మిషన్ బరువెక్కడానికి నూనె మరొక ప్రధాన కారణం. ఇళ్ళలో చేతికందిన కొబ్బరినూనె పోసే అలవాటు ఉంది. అయితే కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో పేరుకుంటుంది గనుక, హైదరాబాదు చలికాలపు ఉదయాల్లో ఇరుసులు పట్టేస్తాయి. పైగా కాలక్రమంలో అది జిగటగా మారి, పీచుతో కలిసి గట్టిపడుతుంది. అలాంటి మిషన్‌ను కిరోసిన్‌తో కడిగి, ఆరనిచ్చి, కుట్టుమిషన్లకోసమే అమ్మే తెల్లటి మినరల్ ఆయిల్‌ను ఒక్కో రంధ్రంలో ఒక్కో చుక్క వేసి, పాత గుడ్డ మీద కొంతసేపు నడపాలి.

ఓవర్‌లాక్ మిషన్ది వేరే తీరు. దానిలో బాబిన్ ఉండదు. లూపర్లు అనే రెండు వంపు కొక్కేలు దారాలను అల్లుతుండగా, కత్తులు బట్ట అంచును కోస్తాయి. కత్తి మొద్దుబారితే అంచు చిరుగులు పడుతుంది. దారం తెగితే పై లూపర్, కింది లూపర్, చివరగా సూది అన్న వరుసలో ఎక్కించాలి; సూదిలో దారం ఉండగానే కింది లూపర్‌కు ఎక్కిస్తే దారాలు చిక్కుపడి మళ్ళీ తెగుతాయి. రంగు మార్చేటప్పుడు పాత దారానికి కొత్త దారం ముడివేసి లాగడం, ముడి సూది దగ్గరికి రాకముందే కత్తిరించి సూదికి విడిగా ఎక్కించడం పనివారి ఉపాయం.

ఇవన్నీ సరిచూసి, ఒక్కొక్క మార్పు తర్వాత ముక్కగుడ్డ మీద కుట్టి పరీక్షించినా లోపం పోనప్పుడే టైమింగ్ జోలికి వెళ్ళాలి, అదీ మెకానిక్ చేతుల మీదుగానే. ఒకేసారి నాలుగు స్క్రూలు తిప్పితే దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో తేలదు. ఒకసారి ఒక్కటే మార్చి ఫలితం చూసే ఈ నియమం పరిశోధనశాలలదీ, మరమ్మతు బల్లదీ.

1924లో యంత్రాల మీద చర్చ సందర్భంగా గాంధీజీ సింగర్ కుట్టుమిషన్‌ను తన విమర్శ నుంచి మినహాయించారు, మనిషి శ్రమను తగ్గించి మనిషికే మేలు చేసే సాధనంగా దాన్ని ఎంచారు. తెలంగాణ పల్లెల్లో మేర కులస్థుల వృత్తిగా ఉన్న కుట్టుపని నేడు నగరపు బస్తీలలో వేలాది మహిళలకు ఇంటిపట్టున సంపాదన. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం దర్జీలకు శిక్షణతోపాటు పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు సాయం ఇస్తున్నది. పండుగ ముందు మిషన్ ఆగితే ఒప్పుకున్న జాకెట్లు, వాటి కూలి, పోగైన గిరాకీ అన్నీ పోతాయి. మెకానిక్ కోసం ఎదురుచూసిన రోజుకు ఎవరూ పరిహారం ఇవ్వరు. అందువల్ల కటింగ్, కుట్టు నేర్పే ప్రతి శిక్షణకేంద్రమూ కొన్ని తరగతులను లోపాల పరీక్షకు కేటాయించి, అనుభవమున్న మెకానిక్కును గురువుగా పిలిచి, ప్రతి అభ్యాసకురాలి చేత షటిల్ విప్పించి మళ్ళీ బిగింపజేయాలి. మిషన్ ఇవ్వడంతో మొదలైన సాయం, దాన్ని నడుస్తూ ఉంచుకొనే నేర్పు ఇచ్చినప్పుడే పూర్తవుతుంది.