ఆర్కెస్ట్రాలో అధికారం ఎవరిది? - లూయీ ఆండ్రీసెన్ సంగీతం

సంగీతానికి వర్గస్వభావం ఉంటుందా అని అడిగితే మనం వెంటనే పాటలోని మాటలు చూపిస్తాం. మాటల్లేని సంగీతం ఎదురైతే అభ్యుదయ విమర్శకుడికి నోరు పెగలదు. "షడ్జమానికి పార్టీ ఏమిటయ్యా?" అని శుద్ధకళావాది వెక్కిరిస్తే నీళ్లు నములుతాం. డచ్ స్వరకర్త లూయీ ఆండ్రీసెన్ (1939-2021) జీవితంలో పెద్దభాగం ఈ ప్రశ్నతోనే కుస్తీ పట్టాడు. వస్తువు, శిల్పం అంటూ మనం చేసుకునే వాదాల్లో తరచూ జారిపోయే మూడో విషయం ఒకటి ఆయనకు దొరికింది. కళ తయారయ్యేచోట మనుషుల మధ్య ఉండే సంబంధాలు - అదీ ఆ విషయం.

ఆండ్రీసెన్ ఉట్రెక్ట్‌లో సంగీతకారుల కుటుంబంలో పుట్టాడు. తండ్రి హెండ్రిక్ పేరున్న స్వరకర్త, చర్చి ఆర్గన్ విద్వాంసుడు. అన్న యూరియాన్ కూడా స్వరకర్తే. హేగ్ కన్సర్వేటరీలో కేస్ ఫాన్ బారెన్ దగ్గరా, ఆ తర్వాత ఇటలీ స్వరకర్త లూచియానో బెరియో దగ్గరా శిక్షణ పొందాడు. సంప్రదాయం చేతకాక తిరగబడ్డాడనే నిందకు ఇక్కడ తావులేదు.

1969లో ఆండ్రీసెన్, మరి నలుగురు స్వరకర్తలు, హ్యూగో క్లాస్, హారీ ములిష్ అనే ఇద్దరు రచయితలు కలిసి చే గెవారాను తలచుకుంటూ 'పునర్నిర్మాణం' అనే ఆపెరా తయారుచేశారు. అదే ఏడాది నవంబర్ 17న ఈ మిత్రులే ఆమ్‌స్టర్‌డామ్‌లోని కాన్సెర్ట్‌గెబౌ మందిరంలో పేరుమోసిన ఆర్కెస్ట్రా కచేరీకి అడ్డం తగిలారు. గిలకలు, సైకిల్ హారన్లు మోగించి, ఆ సంస్థ ఏ సంగీతం వాయించాలో ఎవరు నిర్ణయిస్తున్నారో బహిరంగంగా చర్చించమన్నారు. డచ్‌లో 'నోటెన్' అంటే స్వరాలు, పప్పుగింజలు కూడా. అందుకే ఆ సంఘటనకు 'గింజలు పగలగొట్టేవాళ్ల చర్య' అని పేరు పడింది. ఆపెరాలో విప్లవవీరుడు ఉన్నాడు గాని, ఆపెరా నడిచే పద్ధతి మారలేదు. కచేరీలో గొడవ జరిగింది గాని, మర్నాడు ఆర్కెస్ట్రా మామూలుగానే వాయించుకుంది. నా దృష్టిలో అసలు పని ఆ తర్వాతే మొదలైంది.

సింఫనీ ఆర్కెస్ట్రాను ఒకసారి పరికించండి. స్వరకర్త రాస్తాడు, కండక్టర్ ఆజ్ఞాపిస్తాడు, దాదాపు నూరుమంది వాద్యకారులు అమలు జరుపుతారు. టికెట్టు కొన్నవాడు దగ్గకుండా కూచోవాలి. అక్కడ బీతోవెన్‌ను వాయించినా శ్రామికగీతం వాయించినా ఈ అంతస్తులు చెక్కుచెదరవు. ఇది గ్రహించిన ఆండ్రీసెన్ 1970ల ఆరంభంలో మామూలు సింఫనీ ఆర్కెస్ట్రాకు రాయడం మానేశాడు. 1972లో 'డె ఫొల్‌హార్డింగ్' (పట్టుదల) అనే బృందం వెలిసింది. శాక్సఫోన్లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, పియానో - ఇవే దాని వాద్యాలు. పియానో ముందు ఆయనే కూచున్నాడు. జాజ్ వాద్యకారులూ, శాస్త్రీయ శిక్షణ పొందినవాళ్లూ ఒకే వరసలో నిలబడ్డారు. కచేరీ మందిరాలు వదిలి రాజకీయ సభల్లోనూ వాయించారు.

ఆ బృందంకోసం 1975లో రాసిన 'వర్కర్స్ యూనియన్'ను శ్రద్ధగా పరిశీలించాలి. అందులో మాటల్లేవు. ఫలానా వాద్యాలే ఉండాలన్న నియమం లేదు. గట్టిగా మోగేవైతే చాలు. లయను మాత్రం ప్రతి దెబ్బా లెక్కగట్టి రాశాడు. స్వరాల సంగతి వాద్యకారులకు వదిలేశాడు: కాగితంమీద ఒకే గీత, దానికి పైన గుర్తుంటే హెచ్చు స్థాయి, కింద ఉంటే తగ్గు స్థాయి. ఏ స్వరం పలికించాలో ఎవరికివారు తేల్చుకోవాలి, అడుగు మాత్రం అందరూ కలిసి వెయ్యాలి. ఒక్కడు తడబడినా చెవికి తెలిసిపోతుంది. తన పాలు లేకపోతే పని జరగదన్న పట్టుదలతో ప్రతివాడూ వాయిస్తేనే ఇది నిలుస్తుందని, రాజకీయ కార్యాచరణలోనూ అంతేనని స్వరకర్త సూచన. వ్యక్తి స్వేచ్ఛకూ సమష్టి క్రమశిక్షణకూ వైరుధ్యం గురించి మనం పేజీలకు పేజీలు రాస్తాం. ఈ కృతి వాయించేవాళ్లు ఆ వైరుధ్యాన్ని భుజాలనొప్పితో సహా అనుభవిస్తారు.

ఇక ఎక్కువ ప్రఖ్యాతి తెచ్చింది 'డె స్టాట్' (రాజ్యం), 1972-76 మధ్య రాసింది. నలుగురు గాయనులు ప్లేటో 'రిపబ్లిక్' వాక్యాలు పాడతారు. కొన్ని స్వరపద్ధతులు పౌరులను చెడగొడతాయి, నిషేధించండి అంటాడు ప్లేటో. ఎక్కువ తంత్రులున్న వాద్యాలు చేసేవాళ్లూ ఆయన రాజ్యానికి అక్కర్లేదు. ఆండ్రీసెన్ రెండు హార్పులు పెట్టి మరీ ఆ మాటలు పాడించాడు! పక్కన ఎలక్ట్రిక్ గిటార్లు మోగుతుంటాయి, వయొలిన్లు లేనేలేవు. ధ్వని ప్రకృతిది, దానికి వర్గం లేదు. ఒక క్రమంలో పేర్చిన మరుక్షణం అది సామాజికం అవుతుందని ఆయన వాదం. శుద్ధకళావాదికి ఇంతకన్నా సూటి జవాబు నేను చూడలేదు.

ఐతే ఒక చిక్కు ఉంది. ఆ వాక్యాలు ప్రాచీన గ్రీకులోనే పాడిస్తాడు. కరపత్రం చదివినవాడికి తప్ప వాదం అందదు. సంగీతం పిడిగుద్దుల్లా తగులుతుంది, నిజమే. కాని నిషేధాన్ని గురించిన చర్చలో శ్రోతకు మాట దక్కకపోవడం చిన్న లోపం కాదు. 'వర్కర్స్ యూనియన్' ఈ ఉచ్చులో పడలేదు.

1984-88 మధ్య రాసిన 'డె మాతేరి' (పదార్థం)లో ఓడలు కట్టేవాళ్ల సమ్మెట దెబ్బల నుంచి మేరీ క్యూరీ మాటల దాకా పదార్థంతో మనిషి పెనుగులాటే వస్తువు. ఇది రంగస్థల కృతి. 1989లో డచ్ ఆపెరా ప్రదర్శించింది. దర్శకుడు రాబర్ట్ విల్సన్. భవ్యమైన రచనే. కాని బజారు సభలో వాయించే బృందం నుంచి ఇక్కడికి దూరం ఎంతో పాఠకులు గమనించాలి.

చివరకు 2013లో, నూటపాతికేళ్ల ఉత్సవం సందర్భంగా, తాను అడ్డం తగిలిన కాన్సెర్ట్‌గెబౌ ఆర్కెస్ట్రాకే 'మిస్టీరియన్' రాసిచ్చాడు. 2018లో న్యూయార్క్ ఫిల్హార్మనిక్‌కు 'ఆగమెమ్నాన్'. దీన్ని ద్రోహమనేవాళ్లున్నా, విజయమనేవాళ్లున్నా నేను ఇద్దరితోనూ ఏకీభవించను. బతికున్న స్వరకర్తకు ఆ మందిరంలో చోటివ్వాలన్న 1969 నాటి కోరిక నెరవేరింది. అక్కడ నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలన్న కోరిక నెరవేరలేదు. మొదటిదానికి ఆయన రాత చాలింది. రెండోదానికి వాద్యకారులు కావాలి.