రక్తపిశాచి కన్నీళ్ళు

దయ్యాల సినిమాలతో నా పరిచయం ‘జగన్మోహిని’ దగ్గరే ఆగిపోయింది. కట్టెలకు బదులు పొయ్యిలో కాళ్ళు పెట్టి వంటచేసే ఆ దయ్యాన్ని చూసి భయపడాలో నవ్వాలో తెలిసేది కాదు. మొన్న ఆదివారం మా అమ్మాయి ‘‘అమ్మా, ఇందులో దయ్యాలు నవ్వించవు. ఒక్కసారి చూడు’’ అంటూ ‘అండర్‌వరల్డ్: ఎవల్యూషన్’ పెట్టింది. 2003లో వచ్చిన ‘అండర్‌వరల్డ్’కి 2006లో వచ్చిన రెండో భాగమిది. మావారు పది నిమిషాలు చూసి, ‘‘వీళ్ళకి కరెంటు లేదా ఏమిటి, అంతా చీకటే!’’ అంటూ వెళ్ళి పడుకున్నారు. నేను మాత్రం ఆఖరిదాకా కూర్చున్నాను.

రక్తపిశాచాలకూ తోడేలు మనుషులకూ వందల ఏళ్ళుగా యుద్ధం. తీరా చూస్తే ఇది ఒకింటి గొడవే. తొలి రక్తపిశాచి మార్కస్, తొలి తోడేలు మనిషి విలియం కవలపిల్లలు! ఊళ్ళకు ఊళ్ళు నాశనం చేస్తున్న విలియంని 1202లో పట్టి బంధించారు. ఇన్నాళ్ళకు మార్కస్ నిద్రలేచి, తోడబుట్టినవాణ్ణి విడిపించాలని బయల్దేరాడు.

ఆ చెరసాల కట్టింది కథానాయిక సెలీన్ తండ్రి. ఆ రహస్యం బయటికి పొక్కకూడదని విక్టర్ అనే రక్తపిశాచి ఆమె కుటుంబాన్నంతా చంపేశాడు. ఈ పిల్లని మాత్రం తనలా మార్చుకుని, ‘మీ వాళ్ళని చంపింది తోడేళ్ళే’ అని నమ్మించి, కూతురిలా పెంచాడు. తండ్రిలా నమ్ముకున్నవాడే కన్నతండ్రిని పొట్టన పెట్టుకున్నాడు! ఇంతకన్నా పెద్ద కథ ఏం కావాలి, చెప్పండి?

నా ఫిర్యాదల్లా అక్కడే. దర్శకుడు లెన్ వైజ్‌మన్ ఆ పిల్లని కాసేపు ఏడవనివ్వడు. సెలీన్‌గా వేసిన కేట్ బెకిన్‌సేల్ కళ్ళలో నీళ్ళు తిరిగేలోపే చేతిలోకి తుపాకీ వచ్చేస్తుంది. తండ్రి కట్టిన ఆ గోడల మధ్యకి ఆమె మళ్ళీ వచ్చినప్పుడు, ఇంకొంచెంసేపు అక్కడ నిలబడనిస్తే ఏం పోయేది? రక్తం తాగితే అవతలివాళ్ళ జ్ఞాపకాలు కూడా వచ్చేస్తాయట వీళ్ళకి. ఎంత చక్కని ఊహ! దాన్నీ దారి కనుక్కోవడానికే వాడేసుకున్నారు.

నన్ను కదిలించిన మనిషి మరొకడున్నాడు. ఆ కవలల తండ్రి అలెగ్జాండర్. డెరెక్ జాకబీ వేశాడు. చావులేని ఈ ముసలాయన, కొడుకుల యుద్ధం ఆనవాళ్ళని లోకం కంట పడకుండా తుడిపించేస్తూ కాలం గడిపాడు. వాళ్ళని చంపడానికి మాత్రం చేతులు రాలేదు. సెలీన్ ఆయన్ని నిలదీసిన చోట నేను సర్దుకుని కూర్చున్నాను. కొడుకుల తప్పులు తుడిచిపెట్టడమే ప్రేమనుకునే పెద్దలు మన వీధుల్లో లేరూ? ఆ తుడుపు ఖరీదు కట్టేది చివరికి పరాయి ఇంటి ఆడపిల్లే.

నెత్తురు మరీ ఎక్కువ, పడకగది దృశ్యమూ ఉంది. పిల్లల్ని పక్కన పెట్టుకుని చూసే సినిమా కాదు. అయినా ఎవరో వచ్చి కాపాడతారని ఎదురుచూడని సెలీన్ నాకు నచ్చింది. అలెగ్జాండర్ ఇచ్చిన రక్తం బలంతో పోరాడి, చివర్లో తెల్లవారే వేళ ఆమె ఎండలో నిలబడుతుంది. కాలిపోదు. ఆ ఒక్కచోట దర్శకుడు తొందరపడలేదు.

మావారు లేచి వచ్చి ‘‘ఎవరు గెలిచారేమిటి?’’ అన్నారు.

‘‘అన్నదమ్ములిద్దరూ పోయారు, తండ్రీ పోయాడు. ఆ పిల్ల బయటపడింది’’ అన్నాను.