టోపీని తన్నుకునే మనిషి

1993లో, యుగోస్లావియా ముక్కచెక్కలవుతున్న రోజుల్లో, ఆ యుద్ధం వైపు ఇద్దరు కళాకారులు వేరువేరుగా ప్రయాణం కట్టారు. ఒకరు అమెరికా రచయిత్రి సూసన్ సాంటాగ్. ముట్టడిలో ఉన్న సరయేవో నగరంలో ఆ ఆగస్టు నెలలో ఆవిడ బెకెట్ నాటకం 'వెయిటింగ్ ఫర్ గోడో' ఆడించారు. కరెంటు లేక కొవ్వొత్తుల వెలుగులో ఆడారు. సాహిత్యం పట్టించుకునేవాళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలుసు. రెండో ఆయన అంతకు ఆరు నెలల ముందే, ఫిబ్రవరిలో, క్రొయేషియాలోని ఇస్త్రియా ప్రాంతంలో ఒక శరణార్థి శిబిరానికి వెళ్ళాడు. పేరు జౌమె మతేవు. రంగస్థలం మీద తొర్తెల్ పొల్ట్రోనా అంటారు. ఊరు బార్సిలోనా. వృత్తి సర్కసులో బఫూన్.

ఆయన్ని పంపింది ప్రభుత్వం కాదు. బార్సిలోనాలో ఒక బడి పిల్లలు ఆ శిబిరంలోని పిల్లలతో ఉత్తరాలు నడిపారు. నవ్వుకోవడం కరువైంది అన్న మాట అటునుంచి వచ్చింది. ఇటు పిల్లలు తామే డబ్బు పోగుచేసి, తమకు తెలిసిన బఫూన్ని వెళ్ళిరమ్మన్నారు. ఆయన వెళ్ళి ఆడి వచ్చాడు. వచ్చాక అదే ఏడాది 'పయాసోస్ సిన్ ఫ్రోంతెరాస్' అని ఒక సంస్థ పెట్టాడు. సరిహద్దుల్లేని బఫూన్లు అని అర్థం. తర్వాత అమెరికా, స్వీడన్ మొదలైన దేశాల్లో శాఖలు లేచాయి.

ఈ ఇద్దరిలో సాహిత్య వ్యాసాల్లో ఎవరికి చోటు దొరికిందో చెప్పనక్కరలేదు. బఫూన్ని మనం దానధర్మాల ఖాతాలో రాసేసుకున్నాం. కళ ఖాతాలో పైసా జమ చేయలేదు. నేను బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళుగా బ్యాంకు లెడ్జర్లతో కాపురం చేస్తున్నవాణ్ణి. ఇది తప్పు పద్దు అని నాకు గట్టిగా అనిపిస్తోంది. తప్పు పద్దు కనిపిస్తే సరిచేసేదాకా మా జాతికి నిద్ర పట్టదు.

ముందుగా గోడో సంగతే చూద్దాం. బెకెట్ రాసిన ఆ ఇద్దరు దేశదిమ్మరులూ నిజానికి బఫూన్లే. వాళ్ళ టోపీలు, బూట్లు, పడిలేవడాలు అన్నీ సర్కసునుంచీ మ్యూజిక్ హాలునుంచీ తెచ్చుకున్నవే. అయితే సాంటాగ్ సరయేవోలో ఆడించింది మొదటి అంకం మాత్రమే. ఆ జనానికి మొదటి అంకంలోని నిరాశే చాలు, రెండోది ఎందుకు అని ఆవిడ తలపోశారు. కానీ అసలు గమ్మత్తు రెండో అంకంలో ఉంది. ఇద్దరు మనుషులు మూడు టోపీలను చేతులు మార్చుకుంటూ తలలు మార్చుకుంటూ పోయే ఘట్టం అక్కడిదే. ఉరిపోసుకుందామని నడుముతాడు విప్పితే పంట్లాం జారిపడే ఘట్టమూ అక్కడిదే. నిరాశ ఎక్కువైందని కోసేస్తే, ఆ కోతలో నవ్వు కూడా పోయింది. సాంటాగ్ సాహసాన్ని తక్కువ చేయడం లేదు. గుండ్లు పడుతున్న ఊళ్ళో నాటకం ఆడించడం మాటలు కాదు. కానీ నవ్వునూ నిరాశనూ ఒకే కుట్టుతో కుట్టిన గుడ్డలో ఒకదాన్ని విడదీయబోతే రెండోదీ చిరుగుతుంది. పొల్ట్రోనాకు ఆ బాధ లేదు. ఆయన నవ్వునే పట్టుకుపోయాడు, నిరాశ అక్కడ కావలసినంత ఉంది.

ఆ నాటకంలో ఉన్నది ఒక్కడే పిల్లవాడు. వాడి పని, గోడోగారు ఈరోజు రారు, రేపు తప్పకుండా వస్తారు అని చెప్పిపోవడం. శిబిరాల్లో పిల్లలు రోజూ వినే మాట ఇదే. వీసా రేపు, ఇల్లు రేపు, నాన్న కబురు రేపు. (రేపు రండి అనే మాట నేనూ కౌంటరు వెనకనుంచి వందలసార్లు అన్నాను. ఎంత తేలిగ్గా అనవచ్చో నాకు తెలుసు.)

అలంకారశాస్త్రం నాకు అప్పు తెచ్చుకున్న సొమ్ము. అయినా ఒక మాట. హాస్యానికి కరుణమూ భయానకమూ విరోధి రసాలని సాహిత్యదర్పణం చెబుతుంది. ఒకే చోట వాటిని కలిపితే రసభంగం. ఆ లెక్కన శరణార్థి శిబిరంలో బఫూన్ అంటే శాస్త్రవిరుద్ధం. కాని మన జానపదులు ఈ సూత్రాన్ని ఏనాడో పక్కకు నెట్టేశారు. మా బళ్ళారి వైపు పల్లెల్లో శివరాత్రికి తోలుబొమ్మలాట పెట్టించేవాళ్ళు. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు, తెల్లవారుజామున లంకలో లక్ష్మణుడు మూర్ఛపోయాడు. రాముడి బొమ్మ వంగి ఏడుస్తోంది, నేను మా అవ్వ చీర కొంగులో మొహం దాచుకుని ఏడుస్తున్నాను. అంతలో తెర పక్కనుంచి కిళ్ళేక్యాత, వెనకాలే బంగారక్క వచ్చిపడ్డారు. మీరు జుట్టుపోలిగాడు, కేతిగాడు అనేవాళ్ళ చుట్టమే ఈ కిళ్ళేక్యాత. వాళ్ళ బూతులకు అవ్వ నా చెవులు మూసింది. తాను మాత్రం నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. ఆ తర్వాత సంజీవని వచ్చింది. ఆ ఆటగాళ్ళ ఇంట్లో భాష మరాఠీ యాస, ఆడేది తెలుగులో, కన్నడం ఊళ్ళో. అది నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. మనలాంటివాళ్ళే అన్నమాట.

యుద్ధం మధ్యలో నవ్వు పెట్టడం కొత్త కాదని చెప్పడానికే ఇదంతా. అయితే అదీ ఇదీ ఒకటి కాదు. కిళ్ళేక్యాత ఎదురుగా కూర్చున్నవాడు ఆట అయ్యాక ఇంటికి పోతాడు. శిబిరంలో కూర్చున్న పిల్లకు ఆట అయిపోయినా యుద్ధం అవదు.

ఇక సినిమా. పిల్లలూ యుద్ధమూ నవ్వూ అనగానే అందరూ ఎత్తే పేరు రొబెర్తో బెనీని 1997లో తీసిన 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్'. నాజీ శిబిరంలో తండ్రి కొడుకును దాచి, ఇదంతా ఒక పోటీ, వెయ్యి పాయింట్లు వస్తే నిజమైన ట్యాంకు బహుమతి అని నమ్మిస్తాడు. ఉత్తమ విదేశీ భాషా చిత్రంగానూ, బెనీనికి ఉత్తమ నటుడిగానూ ఆస్కార్లు వచ్చాయి. నేనూ ఏడ్చాను, అబద్ధం ఎందుకు. కాని నా కూతురు చిన్నప్పుడు ఆ సినిమా చూసి, "వాడికి ఒక్కసారి కూడా డౌటు రాలేదా నాన్నా?" అంది. అప్పటినుంచి ఆ ముల్లు నన్ను వదల్లేదు. ఆ సినిమాలో నవ్వు నిలబడాలంటే పిల్లవాడు తెలియనివాడై ఉండాలి. తండ్రికి అన్నీ తెలుసు, పిల్లవాడికి ఏమీ తెలియదు. ప్రేక్షకులం మనం తండ్రి పక్షాన కూర్చుని పిల్లవాడి అమాయకత్వాన్ని చూసి కరిగిపోతాం. అది పిల్లల కోసం చేసిన హాస్యం కాదు, పెద్దల కోసం పిల్లవాణ్ణి పెట్టి చేసినది. చివర్లో సైనికుడు తీసుకుపోతుంటే, దాక్కున్న కొడుకు చూస్తున్నాడని తండ్రి కాళ్ళు ఎత్తెత్తి వెక్కిరింపు కవాతు చేస్తాడే, ఆ కొద్ది క్షణాల్లో మాత్రమే బెనీని అసలైన బఫూన్ అనిపిస్తాడు. మిగతా అంతా మంచి అబద్ధాలకోరు.

అంతకు పాతికేళ్ళ ముందు, 1972లో, జెర్రీ లూయిస్ 'ది డే ది క్లౌన్ క్రైడ్' అని ఒకటి తీశాడు. అందులో బఫూన్ పిల్లల్ని నవ్విస్తూ విషవాయువు గదిదాకా నడిపించుకుపోతాడు. ఆ సినిమా విడుదల కాలేదు. 2017లో లూయిస్ పోయేదాకా దాని ప్రస్తావన తెస్తే ఇబ్బంది పడేవాడు. చూడని సినిమా మంచిచెడ్డలు చెప్పను. కాని ఆ కథలో ఉన్న భయం నిజమైనది. పిల్లల్ని నవ్విస్తూ ఎక్కడికి తీసుకుపోతున్నావు అన్న ప్రశ్న శిబిరానికి పోయే ప్రతి బఫూన్నూ అడగవలసిందే.

శిబిరాల్లో జరిగిన ఆటల వీడియోలు ఈమధ్య రాత్రిళ్ళు చాలా చూశాను. మా ఆవిడ, ఈ వయసులో జోకర్ల పిచ్చేమిటని విసుక్కుంది. వాటిలో ఒక పాత పని ఉంది, సర్కసులో మీరూ చూసే ఉంటారు. బఫూన్ టోపీ కింద పడుతుంది. తీసుకుందామని వంగుతాడు. వంగేముందు వేసిన అడుగుకు బూటు తగిలి టోపీ ముందుకు పోతుంది. మళ్ళీ అడుగు, మళ్ళీ తన్ను. ఎవరు లాగేస్తున్నారా అని వెనక్కి అనుమానంగా చూస్తాడు. మట్టిలో కూర్చున్న నాలుగేళ్ళ పిల్లకు మాత్రం మొదటిసారికే తెలిసిపోయింది. అరుస్తుంది. వాడు వినడు. మూడోసారికి పిల్లలందరూ లేచి నిలబడి, ఏ భాషలోనైతేనేం, నీ కాలే, నీ కాలే అని గొంతు చించుకుంటారు.

బెనీనికి ఇది పూర్తిగా తిరగేసిన లెక్క. ఇక్కడ తెలియనివాడు పెద్దవాడు, తెలిసినది పిల్ల. శిబిరంలో ఆ పిల్ల అన్నీ పుచ్చుకునే మనిషి. రొట్టె, దుప్పటి, టీకా, సానుభూతి అన్నీ పైనుంచి కిందకి వస్తాయి. ఆటలో మొట్టమొదటిసారి తాను ఒకటి చెప్పవలసి వచ్చింది, అవతలి పెద్దవాడికి అది లేక గడవదు. పైగా వాడు పడతాడు, పడి లేస్తాడు. కిందపడ్డ పెద్దవాళ్ళు లేవకపోవడం చూసిన పిల్లలు వీళ్ళలో ఉన్నారు. ఈ ఆటలో ఒక్క అబద్ధం లేదు. యుద్ధం లేదని ఎవరూ చెప్పలేదు, ట్యాంకు బహుమతి ఇస్తామనలేదు. కళ అనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

భాష గురించి రాసే పత్రికలో ఇది రాయడానికి నాకు కొంత ఇబ్బందిగానే ఉంది. తల్లిభాష లేనిదే మనసు విప్పుకోదని ఇక్కడ మనం ఏళ్ళ తరబడి రాసుకుంటున్నాం. ఈయన మాట లేకుండానే విప్పించాడు. అయితే పొల్ట్రోనా కాటలాన్ మనిషి. ఫ్రాంకో పాలనలో బడికీ ఆఫీసుకూ రానివ్వని భాష అది. నోరు మూయించిన భాషవాడికి ఒంటితో మాట్లాడటం తెలిసిందని నేను అనుకుంటాను. ఆయన ఒప్పుకుంటాడో లేదో.

ఆక్షేపణలు లేవని కాదు. 2024 చివరికి ప్రపంచంలో బలవంతాన ఇల్లు విడిచినవాళ్ళు 12 కోట్ల 32 లక్షలని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ లెక్క. అందులో నూటికి నలభై మంది దాకా పిల్లలే. ఇంతమందికి ఎర్రముక్కులా అంటే నవ్వొస్తుంది, మంచి నవ్వు కాదది. గంటసేపు ఆడి జీపెక్కి పోయేవాడి మీద నాకూ అనుమానమే. పిల్లల నవ్వులను ఫొటో తీసి చందాల కాగితాల మీద అచ్చువేయడం మరీ ఇబ్బంది. పిల్ల నవ్విన నవ్వు పిల్లదే, సంస్థ ఆస్తుల పట్టీలో చూపించేది కాదు. ఆడుకోవడం హక్కు అని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో రాసుకున్నారు సరే. హక్కును ఏడాదికోసారి పండగలా చేస్తే సరిపోతుందా?

పోకుండా ఉన్నవాడూ ఉన్నాడు. అలెప్పోలో అనస్ అల్ బాషా అని ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. తల్లిదండ్రులు నగరం వదిలిపోయినా తాను పోకుండా, రంగు విగ్గు పెట్టుకుని అక్కడి పిల్లల్ని ఆడించాడు. 2016 నవంబరు చివర్లో వైమానిక దాడిలో చనిపోయాడు. అతని పని మీద విమర్శ రాసే అర్హత నాకు లేదు.

నా సొంత అనుభవం ఒకటి మిగిలింది. 2009లో కొంతకాలం భద్రాచలం వైపు ఒక శాఖలో పనిచేశాను. అప్పటికి నాలుగేళ్ళుగా, సల్వాజుడుం మొదలైన దగ్గరనుంచి, ఛత్తీస్‌గఢ్ అడవుల్లోంచి గుత్తికోయలు ఇటు వలస వస్తున్నారు. అటు సాయుధులు, ఇటు సాయుధులు, మధ్యలో ఊళ్ళు కాలిపోయాయి. ఇక్కడ పోడు కొట్టుకుని గుడిసె వేసుకుంటే అటవీశాఖవాళ్ళు పీకేసేవారు. వాళ్ళ పిల్లలకు తెలుగు రాదు. తెలుగు గడ్డ మీద మైనారిటీ పిల్లలు. బళ్ళారిలో కన్నడ బడిలో మొదటిరోజు నేను కూర్చున్నట్టే సంతలో ఓ మూల కూర్చునేవారు.

ఒక సంతరోజు పిట్టలదొర వచ్చాడు. తుపాకీ రాముడని కూడా అంటారు. చిరిగిన ఖాకీ కోటు, టోపీ, భుజాన కొయ్య తుపాకీ. లండన్లో తనకు మేడలున్నాయని కోతలు కోస్తున్నాడు, మేమంతా నవ్వుతున్నాం. నేనూ గట్టిగానే నవ్వాను. కోతల మధ్యలో తుపాకీ ఎత్తి గుంపు మీదికి గురిపెట్టాడు. మేం ఇంకా నవ్వాం. మూలన కూర్చున్న పిల్లలు లేచి పరుగెత్తారు. ఒక పిల్ల బెల్లం బస్తాల వెనక దూరింది.

దొర నోట మాట ఆగింది. నిజమైన కళాకారుడు, నాకంటే ముందే గ్రహించాడు. తుపాకీ తిరగేసి దాని మీద గుర్రంలా ఎక్కి, బస్తాల చుట్టూ దౌడు తీసి బొక్కబోర్లా పడ్డాడు. ఒక పిల్లవాడు తొంగి చూశాడు. దొర లేచి, మాట్లాడకుండా, రెండు చేతులతో తుపాకీని వాడికి అందించాడు. వాడు చాలాసేపు చూసి అందుకున్నాడు. అందుకుని, వీపు నిటారుగా పెట్టి, ఎవరో నేర్పినట్టు సరిగ్గా దొర గుండెకు గురిపెట్టాడు. దొర గిలగిలా కొట్టుకుని చచ్చిపడ్డాడు. లేచాడు. మళ్ళీ చచ్చాడు. ఐదారుసార్లు చచ్చేసరికి పిల్లలందరూ చుట్టూ చేరి కేరింతలు. బెల్లం బస్తాల వెనకనుంచి ఆ పిల్ల కూడా వచ్చింది.

అప్పుడు నేను నవ్వలేకపోయాను. అది భయం తీరిన నవ్వో, తుపాకీ చేతికొచ్చిన నవ్వో నాకు ఈనాటికీ తేలలేదు. దొరకు పది రూపాయలిచ్చి, రోజూ ఇలాగే చస్తావా అని అడిగాను. దుమ్ము దులుపుకుంటూ, "పిల్లల చేతిలో ఇదే మొదలు సారూ" అని తుపాకీ కోసం పిల్లవాడి వైపు చూశాడు. వాడింకా ఇవ్వలేదు.