ముందు పెద్ద గొంతు

గాజువాకలో గని లేదు. కానీ మన విశాఖ ఉక్కు కర్మాగారం నడవాలంటే బైలడిల్లా ఇనుప ఖనిజం, జగ్గయ్యపేట సున్నపురాయి, మాదారం డోలమైట్ రావాలి. రాయిని తవ్వి మోసే బళ్లతో మా ఆటోనగర్‌కు ఏనాటి నుంచో పరిచయం.

నేను మెకానిక్ పని నేర్చుకునే రోజుల్లో అనకాపల్లి వైపు క్వారీ నుంచి ఒక లోడర్ వచ్చింది. డ్రైవర్ చెవుల్లో దూది కుక్కుకున్నాడు. నేను రోజంతా కూర్చుని వదులైన బానెట్ రేకులన్నీ బిగించాను. స్టార్ట్ చేస్తే మోత ఎక్కడిదక్కడే.

మేస్త్రి కోప్పడలేదు. "పెద్ద గొంతు అరుస్తుంటే చిన్న గొంతు నొక్కి ఏం లాభంరా?" అన్నాడు. సైలెన్సర్ జాయింటు చూపించాడు. గాస్కెట్ కాలిపోయి పొగ బుసకొడుతోంది. గాస్కెట్ మార్చాక మోత దిగింది. అప్పుడు గానీ ఫ్యాన్ ఊళ వినపడలేదు. "ఇక దాని వంతు" అన్నాడు.

ఆ పెద్ద గొంతు మాట వెనకున్న లెక్క తర్వాత తెలిసింది. 95 డెసిబెల్స్‌కు 85 తోడైతే పెరిగేది అర డెసిబెల్ కూడా ఉండదు. ఆ 85ని పూర్తిగా ఆపేసినా చెవికి తేడా తెలియదు. అందుకే ముందు పెద్ద గొంతు ఏదో తేల్చుకోవడానికి బండిని ఐడిల్‌లో ఒకసారి, రేజ్ చేసి ఒకసారి, బకెట్ ఎత్తుతూ ఒకసారి వింటాను. బకెట్ ఎత్తినప్పుడే కూత పెరిగితే హైడ్రాలిక్ పంపును అనుమానిస్తాను. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ హౌసింగ్‌కు, పిడి చెవి వెనక ఎముకకు ఆనిస్తే లోపలి గరగర తెలుస్తుంది. చివరగా క్యాబిన్ తలుపు రబ్బరు చూస్తాను. సన్నని సందు చాలు, మోతంతా లోపలికి రావడానికి.

మన దేశంలోని గనుల్లో ఎనిమిది గంటల పనికి 85 డెసిబెల్స్ హెచ్చరిక గీత, 90 ప్రమాద గీత. మోతకు చెవి ముందుగా దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల. స, ష లాంటి అక్షరాలు జారిపోతాయి. మా మేస్త్రికి అదే జరిగింది. మనవరాలు "సబ్బు అయిపోయింది తాతా" అంటే "డబ్బా?" అని అడిగేవాడు. అందరి బళ్ల మోతా తగ్గించిన మనిషి తన చెవులు కాపాడుకోలేకపోయాడు.

ఇయర్ మఫ్ పెట్టుకోవాల్సిందే. కానీ అది ఒక్కరి చెవులకే కాపలా. పక్కన నిలబడ్డ హెల్పర్ కుర్రాడి చెవులూ దక్కాలంటే మోతను బండి దగ్గరే ఆపాలి. ఓనర్లకు నా మనవి ఒకటే. బండి సర్వీసుకు ఇచ్చేటప్పుడు ఆయిల్, ఫిల్టర్లతో పాటు "మోత ఎక్కడిదో చూడాలి" అని కూడా జాబ్‌కార్డులో రాయించండి.