మూడో వైపున ఉన్న ఆడవాళ్లు

ఎల్టన్ జాన్ ‘గుడ్‌బై ఎల్లో బ్రిక్ రోడ్’ 1973 అక్టోబరు 5న రెండు రికార్డుల ఆల్బమ్‌గా వచ్చింది. 4 వైపులు, 17 పాటలు. అమెరికాలో 8 వారాల పాటు మొదటి స్థానంలో ఉంది. దీని గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా పియానో ధాటి గురించీ, బాణీల వైవిధ్యం గురించీ, ఆ మెరుపు దుస్తుల గురించీ మాట్లాడతారు. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఈ పాటల్లో ఆడవాళ్లు ఎక్కడున్నారు, ఎలా ఉన్నారు అని అడుగుతూ విన్నప్పుడు నాకు మరో ఆల్బమ్ వినిపించింది.

ముందు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ పాటల మాటలు ఎల్టన్ జాన్‌వి కావు, బెర్నీ టౌపిన్‌వి. టౌపిన్ ముందు మాటలు రాసి ఇస్తాడు, జాన్ వాటికి బాణీ కట్టి పాడతాడు. అప్పటికి ఒకరికి 23 ఏళ్లు, ఇంకొకరికి 26. అంటే ఈ పాటల్లోని స్త్రీ ఒక మగవాడి కాగితం మీద పుట్టి మరో మగవాడి గొంతులోకి వెళుతుంది. మధ్యలో ఆమె మాట్లాడే చోటు ఎక్కడా లేదు.

ఇప్పుడు మూడో వైపు తిప్పుదాం. అక్కడ 4 పాటలున్నాయి. మొదటిది ‘స్వీట్ పెయింటెడ్ లేడీ’. ఓడ దిగిన నావికులకోసం రేవులో ఎదురుచూసే వేశ్య గురించి. మూడోది ‘డర్టీ లిటిల్ గర్ల్’. ఒక అమ్మాయిని మురికిదని ఈసడిస్తూ, ఎవరైనా పట్టుకుని కడిగిపారేయాలని కోరే పాట. నాలుగోది ‘ఆల్ ద గర్ల్స్ లవ్ ఆలిస్’. స్త్రీలను ప్రేమించే 16 ఏళ్ల ఆలిస్ చివరికి శవమై దొరుకుతుంది. ఒకామె అమ్ముడయ్యేది, ఒకామె మురికిది, ఒకామె చచ్చిపోయినది. ఒకే వైపున వరసగా ముగ్గురూ.

ఇక రెండో పాట ఒక మగవాడిది. డానీ బెయిలీ అనే కల్పిత బందిపోటు గాథ అది. అతనూ చచ్చిపోతాడు. కానీ పాట పేరులోనే అతని పుట్టుక, చావు సంవత్సరాలున్నాయి: 1909-34. లేని మనిషికి సమాధిరాయి చెక్కి, తేదీలు వేసి, వీరుణ్ణి చేశారు. ఆలిస్‌కి అలాంటి రాయి లేదు. ఆమె చావుకి పెంపకం కారణమట, ఆమెను చేరదీసిన పెద్ద వయసు ఆడవాళ్లు కారణమట. తుపాకీతో బతికినవాడి చావు గాథ అయింది. ప్రేమించిన పిల్ల చావు గుణపాఠం అయింది.

‘ఆ కాలంలో అందరూ అంతే’ అనే సమాధానం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. హెలెన్ రెడ్డి ‘ఐ యామ్ ఉమన్’ 1972 డిసెంబరులోనే అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. కాలం ఒక్కటే, చెవులే వేరు. ‘డర్టీ లిటిల్ గర్ల్’ వ్యంగ్యం అని సర్దిచెప్పేవాళ్లూ ఉన్నారు. వ్యంగ్యమే అనుకుందాం. ఎవరి మీద? ఆ పాటలో చులకనయ్యేది తిట్టేవాడు కాదు, తిట్లు పడే ఆమే.

ద్వేషాన్ని గుర్తుపట్టడం తేలికే. జాలిని గుర్తుపట్టడమే కష్టం. నా పరిశోధన స్మృతి కవిత్వం మీద కాబట్టి ‘క్యాండిల్ ఇన్ ద విండ్’ దగ్గర ఎక్కువసేపు ఆగాను. మార్లిన్ మన్రోని నార్మా జీన్ అనే సొంత పేరుతో పిలిచే పాట అది. సినిమా హాల్లో కూర్చున్న కుర్రాడు, అందరూ ఆమెలో శరీరాన్ని చూశారు, నేను మనిషిని చూశాను అంటాడు. వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది. కానీ ‘నేను మిగతా మగవాళ్లలాంటివాణ్ణి కాను’ అన్న ఆ మాట ఎవరి గురించి? ఆమె గురించి కాదు. ఆ పాటలో ఆమె గాలికి రెపరెపలాడే దీపం, హాలీవుడ్ తయారుచేసిన బొమ్మ. స్టూడియోతో పోరాడి, 1955 నాటికి సొంత నిర్మాణ సంస్థ పెట్టుకుని, మెరుగైన ఒప్పందం సాధించుకున్న మన్రో అందులో లేదు. ఆమె రాసుకున్న కాగితాలు 2010లో పుస్తకంగా వచ్చాయి. ఆమెకు మాటలున్నాయి. పాటకు అవి అవసరం పడలేదు.

అందుకే 1997 సెప్టెంబరు 6న వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో అదే బాణీ డయానాకి సరిపోయింది. మాటలు మార్చి రాశారు. ఆ రికార్డు 3 కోట్లకు పైగా అమ్ముడైంది. ఇద్దరూ 36 ఏళ్లకే పోయారు. అంతకుమించి వాళ్ల జీవితాల్లో పోలికలెన్ని? ఒక స్త్రీకోసం కట్టిన శోకం ఇంకో స్త్రీకి ఇంత సులువుగా అమరిందంటే, అందులో మొదటినుంచీ ఉన్నది స్త్రీ కాదు, స్త్రీకోసం ఉంచిన ఖాళీ.

ఇంతటితో ఆల్బమ్‌ని పక్కన పెట్టేయవచ్చు. నేను పెట్టలేను. ఈ మధ్య క్లాసులో ఒక అమ్మాయి అడిగింది: ‘ఆలిస్ గురించి పాడినందుకు సంతోషించాలా, చంపినందుకు కోప్పడాలా?’ రెండూ చెయ్యమన్నాను. ఎందుకంటే ఆ పాట పాడే మనిషి అప్పటికి తన లైంగికత గురించి బయట నోరు విప్పలేదు. ఇంగ్లండులో మగవాళ్ల మధ్య సంబంధం నేరం కాకుండా పోయింది 1967లో, అదీ పాక్షికంగా. తను ద్విలింగ ప్రేమికుణ్ణని అతను చెప్పింది 1976లో. ఆలిస్ కథను తీర్పుగా రాసింది టౌపిన్. ఆ తీర్పును జాన్ గొంతు మోస్తున్నప్పుడు అందులో భయం కూడా వినిపిస్తుంది నాకు. వెనక వంత పాడుతున్నది కికీ డీ అనే గాయని. ఆమెకు కథలో మాట లేదు, పాటలో గొంతు ఉంది.

ఇక మొదటి వైపు చివర్లో ఉన్న బెన్నీ. ‘బెన్నీ అండ్ ద జెట్స్’ లోని బెన్నీ ఒక బ్యాండుకి నాయకురాలు, సూటూ బూట్లూ వేసుకున్న స్త్రీ. ఈమె చావదు, అమ్ముడుపోదు. ఆమెను ఎవరూ జాలిగా చూడరు, కేరింతలు కొడతారు. ఆ కేరింతలూ చప్పట్లూ స్టూడియోలో అతికించినవి. అంటే బతికి ఉన్న ఒక్క స్త్రీకోసం లేని జనాన్ని కల్పించాల్సి వచ్చింది. ఆమె పేరు పలికేటప్పుడు జాన్ తన గొంతును వదిలి సన్నని స్థాయికి ఎక్కుతాడు. మన పాటగాళ్లు దాన్ని దొంగగొంతు అంటారు. 17 పాటల్లో ఒక స్త్రీలా ఉండాలని అతను ఆశపడినట్టు నాకు వినిపించేది అక్కడే.

మనం ఈ ఆల్బమ్‌ని వినడం మానక్కర్లేదు. జాలి పాటల్ని మాత్రం ద్వేషం పాటలంత జాగ్రత్తగానే వినాలి.