కాటి సీనూ, కాటి సుంకమూ

ఉగాదికి మెల్బోర్న్‌లో మనవాళ్లు ‘సత్యహరిశ్చంద్ర’ కాటి సీను వేశారు. స్కూలు హాలు, అద్దె తెరలు, వెనకనుంచి పులిహోర వాసన. పండగపూట శ్మశానమేమిటని గొణిగినవాళ్లూ ఉన్నారు. నాకు ఆ అభ్యంతరం లేదు. హరిశ్చంద్రుడు వేసినాయన గొంతు బాగుంది, రాగం మరీ సాగదియ్యలేదు. నా తగువల్లా వేరే.

వ్యవధి ఇరవై నిమిషాలే కనుక పద్యాలన్నీ ఉంచి, చంద్రమతిని కాటి సుంకం అడిగే ఘట్టాన్ని రెండు ముక్కల్లో తేల్చేశారు. ‘‘ఫిలాసఫీ అంతా పద్యాల్లోనే ఉంది కదండీ డాక్టరుగారూ’’ అన్నారు నిర్వాహకులు. అక్కడే పొరబడ్డారని నా మనవి.

నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతంగారిది. కానీ ఈ సీనులో జనం ‘వన్స్ మోర్’ కొట్టే పద్యాల్లో చాలావరకు జాషువాగారి ‘శ్మశానవాటి’ ఖండికలోవి. నటులు తెచ్చి కలుపుకున్నారు. డి.వి. సుబ్బారావుగారి వంటివారు వాటిని ఊరూరా వినిపించారు. కాటికి చేరాక రాజూ పేదా ఒకటేనని వాటి సారాంశం. వింటే కళ్లు చెమరుస్తాయి. దీన్నే మన పెద్దలు శ్మశాన వైరాగ్యమన్నారు. ఇంటికొచ్చి స్నానం చేస్తే పోతుంది.

జాషువాగారు (1895–1971) వినుకొండలో పుట్టి, అంటరానితనం అనుభవించి, 1941లో ‘గబ్బిలం’ రాసిన కవి. చచ్చాక అందరూ సమానమేనని ఆయన అంటే అది వైరాగ్యం కాదు, నిలదీత. మరి బతికుండగానో? ఆ పద్యాలు వచ్చి చేరిన కథలోనేమో రాజుగారి ఆఖరి పతనం వీరబాహుడి కొలువు. మార్కండేయపురాణమైతే ఆ చండాలుడు మారువేషంలో ఉన్న ధర్ముడేనని చెప్పి మనకి ఊరట కలిగిస్తుంది. పద్యానికీ కథకీ ఉన్న ఈ పేచీ చప్పట్లలో మనకి వినపడదు.

ఇక సుంకం సంగతి. చావులో అంతా సమానమని పాడిన నోటితోనే హరిశ్చంద్రుడు, బిడ్డ శవంతో వచ్చిన తల్లిని డబ్బడుగుతాడు. భర్తకి తప్ప ఇంకెవరికీ కనపడని మంగళసూత్రం అతనికి కనపడుతుంది. ఆమె తన భార్యేనని తెలిశాక కూడా సుంకం వదలడు. పద్యం చెప్పిన సిద్ధాంతాన్ని రంగస్థలం ఇక్కడ పరీక్షకి పెట్టింది. తత్త్వగ్రంథం మాటను రుజువు చేసి ఊరుకుంటుంది. నాటకం ఆ మాటను ఒక మనిషి నెత్తికెత్తి, మొయ్యగలడా అని చూస్తుంది. చిన్నతనంలో రాజ్‌కోటలో హరిశ్చంద్ర నాటకం చూసిన గాంధీగారిని పట్టుకుని వదలనిది ఈ మోతే. అందరూ హరిశ్చంద్రుడిలా ఎందుకుండకూడదన్న ప్రశ్న తనని వెంటాడిందని ఆత్మకథలో రాసుకున్నారు.

నా పట్టుదలకి సొంత కారణం కూడా ఉంది. 2021లో మా నాన్నగారు పోయారు. ఆస్ట్రేలియా సరిహద్దులు మూసి ఉన్నాయి. వెళితే తిరిగి రాగలనన్న నమ్మకం లేదు. వార్డు పక్క గదిలో నిలబడి ఫోనులో దహనం చూశాను. మంత్రాల మధ్య మా బాబాయి కాటికాపరితో కట్టెల డబ్బు బేరమాడటం వినపడింది. ఆ కాటికాపరి మీద నాకు ఒళ్లు మండింది. శవాలు వరస కట్టిన రోజులవి. అందరూ దూరంగా నిలబడితే చితి పేర్చింది, చివరిదాకా ఉన్నది అతనొక్కడే. నేను చెయ్యవలసిన పని చేశాడు. అతని పేరేమిటని ఇప్పటికీ నేను అడగలేదు.

సుంకం ఘట్టం తీసేస్తే ఆ మనిషి కూడా సీనులోంచి పోతాడు. పద్యాలు మాత్రం మిగులుతాయి, మనకి హాయిగా ఉంటుంది.

కనుక కార్యవర్గంవారికి నాదొక విన్నపం. వచ్చేసారి రెండు పద్యాలు తగ్గించి, సుంకం ఘట్టం పూర్తిగా వెయ్యండి. వీరబాహుడి వేషానికి ఎవరూ ముందుకు రాకపోతే నా పేరు రాసుకోండి.